హెడ్డు ఫేసింగ్ చేయించి బిగించాక రెండు ట్యాపెట్లు కుదరడం లేదు: పుష్ రాడ్ల పొడవు ఎలా సరిచూడాలి?

ప్రశ్న (గుణుపురం నుండి)

అందరికీ నమస్కారం. మా ఊరు రాయగడ జిల్లాలో, గుణుపురానికి దగ్గరలో వంశధార ఒడ్డున ఉంది. రథయాత్ర అయిన వారానికి మా మూడు సిలిండర్ల డీజిల్ ట్రాక్టరు దమ్ములో ఉండగానే వేడెక్కి ఆగిపోయింది. డిప్ స్టిక్ తీసి చూస్తే ఆయిలు చిక్కటి మజ్జిగలా తెల్లబడి ఉంది. హెడ్ గ్యాస్కెట్ పోయి నీరు ఆయిల్లో కలిసిందని మా మేస్త్రి చెప్పారు. హెడ్డు విప్పి, ఆంధ్రా వైపున్న ఒక లేత్ షాపుకు తీసుకువెళ్ళాము. వారు హెడ్డు ముఖం 0.40 మి.మీ. ఫేసింగ్ చేసి (చదునుగా చెక్కి), మూడు ఎగ్జాస్ట్ సీట్లు (వాల్వులు ఆనుకునే అంచులు) కోసి, రెండు, మూడు సిలిండర్లకు కొత్త ఎగ్జాస్ట్ వాల్వులు వేసి ఇచ్చారు. ఇన్‌లెట్ సీట్లను పేస్టుతో నూరడమే తప్ప కోయలేదు. నలిగిన పాత గ్యాస్కెట్ మందం 1.35 మి.మీ. ఉంది. కొత్తది బిగించిన తరువాత 1.20 మి.మీ. ఉంటుందని దాని ప్యాకెట్టు మీద రాసి ఉంది.

బిగించిన తరువాత ట్యాపెట్లు పెట్టబోతే (అంటే వాల్వును నొక్కే రాకరు చేయికీ వాల్వు కొనకూ మధ్య సందును సరిచేయబోతే) మూడు ఇన్‌లెట్లూ, ఒకటో సిలిండరు ఎగ్జాస్టూ సులభంగా కుదిరాయి. రెండో సిలిండరు ఎగ్జాస్టుకు అడ్జస్టర్ స్క్రూను బాగా పైకి తిప్పితే గానీ సందు రాలేదు, లాక్ నట్టుకు రెండు మరలే అందుతున్నాయి. మూడో సిలిండరు ఎగ్జాస్టుకైతే స్క్రూ పూర్తిగా పైకి పోయినా ఫిల్లర్ గేజ్ (సందు కొలిచే పలుచని పట్టీ) దూరడం లేదు. పుల్లీ నట్టుకు పానా వేసి చేతితో తిప్పగా ఒకచోట గట్టిగా ఆగింది. నేను అక్కడే ఆపేశాను, స్టార్టరు కొట్టలేదు.

ఆ రెండు పుష్ రాడ్లనూ (క్యామ్ కదలికను రాకరుకు అందించే కడ్డీలను) గ్రైండరు మీద రెండేసి మిల్లీమీటర్లు అరగదీస్తే సరిపోతుందని మా మేస్త్రి అంటున్నారు. ఆయనకు ఇరవై ఏళ్ళ అనుభవం ఉంది. ఆ మాటను తేలిగ్గా తీసుకోను. అయినా రాడ్డు ఒకసారి అరిగితే మళ్ళీ పెరగదు కనుక ముందుగా ఇక్కడ అడుగుతున్నాను. పుష్ రాడ్డు పొడవు సరైనదో కాదో ఎలా తెలుస్తుంది? వాల్వు పిస్టనుకు తగులుతున్నదేమో చూడడం ఎలా? ఉభాలకు ఇంకా పన్నెండు రోజులే ఉన్నాయి. ఆలోగా బండి పొలంలో దిగాలి.

జవాబు 1 (పర్లాకిమిడి నుండి)

గట్టిగా తగలగానే ఆపివేసి మీరు మంచి పని చేశారు. స్టార్టరు కొట్టి ఉంటే ఈపాటికి ఒక వాల్వో, ఒక రాడ్డో వంగి ఉండేది.

పుష్ రాడ్లను అరగదీసే ముందు ఒక లెక్క చూడండి. హెడ్డు నుంచి 0.40 మి.మీ. పోయింది, గ్యాస్కెట్ 0.15 మి.మీ. పలచబడింది. అంటే రాకర్ షాఫ్టు (రాకర్లు కూర్చునే ఇరుసు) మునుపటి కంటే క్యామ్ షాఫ్టుకు 0.55 మి.మీ. దగ్గరైంది. రాడ్డు పొడవు మారలేదు గనుక ప్రతి అడ్జస్టర్ స్క్రూ పాత స్థానం నుంచి 0.55 మి.మీ. పైకి వెళ్ళాలి. స్క్రూ మర 1 మి.మీ. పిచ్ అయితే అది అర చుట్టుకు కొంచెం ఎక్కువ, అంతే. ఫేసింగూ గ్యాస్కెటూ ఆరు వాల్వులకూ సమానంగా పడే మార్పులు. నాలుగు వాల్వులు ఆ అర చుట్టులోనే కుదిరాయంటే మిగిలిన రెంటి ఇబ్బందికి హెడ్డు ఫేసింగ్ కారణం కాదు. అన్నిటికీ సమానమైన కారణం రెంటినే పట్టి పీడించదు కనుక ఆ రెండు చోట్లకే చెందిన తప్పును వెతకాలి.

నా అనుమానం ముందుగా పుష్ రాడ్డు కింది కొన మీద ఉంది. బిగించేటప్పుడు రాడ్డు ట్యాపెట్ (క్యామ్ మీద నడిచే ముక్క) గిన్నెలో దిగకుండా దాని అంచు మీద నిలబడిపోవడం ఎంతో అనుభవజ్ఞులకు కూడా జరుగుతుంది. అప్పుడు రాడ్డు కొన్ని మిల్లీమీటర్లు పొడవైనట్టే లెక్క. స్క్రూ ఎంత పైకి పోయినా సందు రాదు, వాల్వు పూర్తిగా మూసుకోదు, పిస్టను పైకి వచ్చేసరికి దానికి తగులుతుంది. మీరు మూడో సిలిండరు గురించి రాసినదంతా దీనికి సరిపోతోంది.

రాకర్ షాఫ్టు బోల్టులన్నిటినీ కొంచెం కొంచెంగా, సమానంగా వదులు చేస్తూ షాఫ్టును పైకి తీయండి. ఒక బోల్టును పూర్తిగా విప్పి ఇంకొకదానికి వెళితే స్ప్రింగుల బలానికి షాఫ్టు వంగవచ్చు. ఆపైన ఒక్కొక్క రాడ్డు పై కొనను రెండు వేళ్ళతో పట్టి అటూ ఇటూ ఊపండి. గిన్నెలో కూర్చున్న రాడ్డు కింది కొన కదలదు, పై కొన మాత్రమే చిన్న వలయంలో తిరుగుతుంది. మెల్లగా పైకి లాగితే ఆయిలు జిగట వల్ల ట్యాపెట్ కూడా రాడ్డుతో కొంచెం లేచి, ఆ తరువాత విడిపోయి కిందికి పడుతుంది. అంచు మీద నిలిచిన రాడ్డుకు ఈ పట్టు ఉండదు, ఊపగానే టక్కున లోపలికి జారుతుంది. ఆ జారుడు ఒకసారి వేలికి తెలిస్తే ఇక మరచిపోలేరు.

తరువాత ఆరు రాడ్లనూ తీసి, అట్టముక్కకు ఆరు రంధ్రాలు చేసి, ఏది ఎక్కడిదో రాసి అందులో గుచ్చండి. పక్కపక్కన నిలబెట్టి పొడవులు పోల్చండి. ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ రాడ్ల పొడవు వేరుగా ఉండే ఇంజన్లు కొన్ని ఉన్నాయి, వాటిలో రాడ్లు తారుమారైనా ఇదే ఇబ్బంది వస్తుంది. కిటికీ అద్దం మీద దొర్లించి, అద్దానికీ రాడ్డుకూ మధ్య వెలుగు కనబడుతున్నదేమో చూడండి. అయితే వంగిన రాడ్డు పొట్టిదవుతుంది గనుక సందు పెరుగుతుందే గాని తగ్గదు. మీ ఇబ్బందికి అది కారణం కాదు, విప్పినప్పుడు ఎలాగూ చూడవలసినదే.

రెండో సిలిండరుకు నా అనుమానం వేరు. సీటును లోతుగా కోస్తే వాల్వు హెడ్డులోకి మునుగుతుంది, దాని కాడ కొన అంతే పైకి లేస్తుంది. కొత్త వాల్వు కాడ పొడవుగా ఉన్నా అంతే. మూడు ఎగ్జాస్ట్ కాడల కొనల మీద ఉక్కు స్కేలు పెట్టి చూడండి. ఒకటి ఎత్తుగా ఉంటే స్కేలు మిగిలినవాటిని తాకదు. ఆ ఖాళీలో ఫిల్లర్ గేజ్ పట్టీలు పెడితే ఎత్తు ఎంతో తెలుస్తుంది.

జవాబు 2 (రాయగడ నుండి)

నేను లేత్ పని చేసేవాడిని. పర్లాకిమిడి మాస్టారు చెప్పినదానితో ఏకీభవిస్తూ, వారు చెప్పని రెండు సంగతులు చేరుస్తాను.

మొదటిది పుష్ రాడ్డు అరగదీయడం గురించి. దయచేసి ఆ పని చేయించవద్దు. రాడ్డు రెండు కొనలనూ గట్టిపరచి తయారు చేస్తారు, ఆ గట్టిదనం పైపొర లోతే ఉంటుంది. బోలు రాడ్లకు కొనలను విడిగా చేసి బిగిస్తారు. గ్రైండరు వేడికి ఆ పొర మెత్తబడితే కొత్త కొన తొందరగా అరిగి, ఆ ఉక్కు పొడి ఆయిల్లో తిరుగుతుంది. చేతితో అరగదీసిన గుండ్రనపు కొన గిన్నెలో సరిగా కూర్చోదు కూడా.

పుష్ రాడ్డు పొడవును బట్టి రాకర్ జ్యామితి మారుతుందని చాలామంది చదివి భయపడతారు. ఆ మాట అన్ని ఇంజన్లకూ వర్తించదు. అమెరికా వీ-ఎయిట్ ఇంజన్లలో చాలావాటిలో ప్రతి రాకరూ విడివిడిగా ఒక స్టడ్డు మీద కూర్చుంటుంది, నట్టును తిప్పితే రాకర్ ఇరుసే పైకీ కిందికీ జరుగుతుంది. అక్కడ రాడ్డు పొడవు మారితే రాకరు వాల్వు కొన మీద తాకే చోటు మారిపోతుంది. అందుకే వారు పొడవు మార్చగలిగే కొలత రాడ్డును వాడతారు. వాల్వు కొనకు మార్కర్ పూసి, ఇంజను నాలుగైదు చుట్లు తిప్పి, అరిగిన గీత కొన మధ్యలో పడుతున్నదో లేదో చూసి పొడవు నిర్ణయిస్తారు. మన ట్రాక్టర్లలో రాకర్లన్నీ ఒకే షాఫ్టు మీద, స్థిరమైన పెడస్టల్స్ మీద ఉంటాయి. రాకరు ఎక్కడ తాకాలో షాఫ్టు ఎత్తూ, వాల్వు కొన ఎత్తూ నిర్ణయిస్తాయి. రాడ్డు పొడవు మారితే అడ్జస్టర్ స్క్రూ ఎక్కడ నిలుస్తుందన్నదే మారుతుంది. స్క్రూ తన నిడివిలో మధ్యస్థంగా నిలిచి, లాక్ నట్టుకు నిండుగా మరలు దొరికితే పొడవు సరిపోయినట్టే. మార్కర్ పరీక్ష మీరు చేసినా మంచిదే, కానీ మీ ఇంజన్లో అది వాల్వు కొన ఎత్తులో తేడాను పట్టిస్తుంది. గీత ఒక పక్కకు జరిగిన వాల్వే అనుమానించవలసిన వాల్వు.

రెండోది మరింత ముఖ్యం, దీనిని ఎవరూ పట్టించుకోరు. సీటు కోసిన వాల్వు మునుగుతుంది, దానివల్ల ట్యాపెట్ ఇబ్బందే గాని పిస్టనుకు అది దూరమవుతుంది. కోయని వాల్వుల సంగతి దీనికి తలకిందులు. హెడ్డు ముఖం 0.40 మి.మీ. పోయినప్పుడు వాల్వు ముఖం హెడ్డు ముఖానికి అంత దగ్గరైంది, గ్యాస్కెట్ మరో 0.15 మి.మీ. తగ్గించింది. మీ ఇన్‌లెట్ సీట్లు కోయలేదన్నారు. కాబట్టి ట్యాపెట్లు సులభంగా కుదిరిన ఆ మూడు ఇన్‌లెట్లే ఇప్పుడు పిస్టనుకు 0.55 మి.మీ. దగ్గరగా ఉన్నాయి. ఇబ్బంది పెట్టనివాటినే ముందు కొలవండి.

కొలతకు కొత్త గ్యాస్కెట్ వాడవద్దు. పాతదాన్ని పెట్టి, హెడ్డును పూర్తి టార్కుతో బిగించి, వచ్చిన కొలతలోంచి 0.15 తీసివేయండి. పిస్టనుకూ హెడ్డుకూ మధ్య సందును సీసపు తీగతో కొలుస్తారు. సోల్డరింగుకు వాడే మెత్తని తీగ ముక్కలను, రెండు మిల్లీమీటర్ల మందమైనవి, పిస్టను తల మీద గ్రీజుతో అంటించండి. గజన్ పిన్ను (పిస్టనును కనెక్టింగ్ రాడ్డుకు కలిపేది) ఉన్న వరుసలోనే, రెండు పక్కలా పెట్టాలి. పిస్టను పిన్నుకు అడ్డంగా కొద్దిగా ఊగుతుంది గనుక వేరే చోట పెడితే కొలత తప్పుతుంది. దహన గుంట మీదికీ, వాల్వుల కిందికీ తీగ రాకూడదు. హెడ్డు బిగించి, పిస్టనును టాప్ (అది ఎక్కగల పైకొస) దాటించి, విప్పి, నలిగిన తీగ మందం మైక్రోమీటరుతో చూడండి. చిన్న డీజిల్ ఇంజన్లలో ఇది సాధారణంగా ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. మీ ఇంజను పుస్తకంలో ఇచ్చిన హద్దులే ప్రమాణం.

వాల్వుకూ పిస్టనుకూ మధ్య సందు కోసం కొందరు మైనపు ముద్ద పెడతారు. గుంట ఉన్న డీజిల్ పిస్టన్ల మీద అది నమ్మదగినది కాదని నా అభిప్రాయం. డయల్ గేజ్ మేలు. ఆ సిలిండరు వాల్వులకు తాత్కాలికంగా మెత్తని స్ప్రింగులు వేసి, రెండు వాల్వులూ ఊగే స్థితికి, అంటే ఎగ్జాస్ట్ మూసుకుంటూ ఇన్‌లెట్ తెరుచుకునే టాప్‌కు, తీసుకురండి. గేజ్ ముల్లును స్ప్రింగు రిటైనర్ మీద నిలిపి, వాల్వును వేలితో పిస్టను తాకే వరకు నొక్కితే గేజ్ చూపినదే సందు. అత్యంత దగ్గరయ్యే చోటు సరిగ్గా టాప్ వద్ద ఉండదు. ఎగ్జాస్టుకు టాప్‌కు దాదాపు పది డిగ్రీల ముందు, ఇన్‌లెట్‌కు దాదాపు పది డిగ్రీల తరువాత ఉంటుంది. 180 మి.మీ. వ్యాసమున్న పుల్లీ అయితే పది డిగ్రీలంటే అంచు మీద 15.7 మి.మీ. చాక్‌పీసుతో గీత పెట్టుకుని అటూ ఇటూ నాలుగైదు చోట్ల కొలిచి, అన్నిటికన్నా తక్కువదాన్ని రాసుకోండి.

సందు చాలకపోతే, కొన్ని ఇంజన్లకు రెండు మూడు మందాల గ్యాస్కెట్లు దొరుకుతాయి, వాటి అంచున ఉండే రంధ్రాలో గంట్లో ఏది ఏ మందమో తెలుపుతాయి. మీ ఇంజనుకు అటువంటివి ఉంటే ఒక మెట్టు మందమైనది వేయడం అన్నిటికన్నా తేలికైన దారి.

జవాబు 3 (బరంపురం నుండి)

ఒక చిన్న చేర్పు మాత్రమే. ఇది చదివి తమ బుల్లెట్ బండికి ఇదే లెక్క వేయబోయేవారు ఉంటారు. పాత 350 క్యాస్ట్ ఐరన్ బుల్లెట్‌లో అడ్జస్టర్ పుష్ రాడ్డు కింది భాగంలోనే ఉంటుంది, ఫిల్లర్ గేజ్ పని లేదు. ఇంజను చల్లగా ఉండగా, కంప్రెషన్ టాప్ దగ్గర రాడ్డు వేళ్ళతో తిప్పితే స్వేచ్ఛగా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం కదలకూడదు. హైడ్రాలిక్ ట్యాపెట్లున్న ఇంజన్లలో హెడ్డు ఫేసింగ్ చేస్తే తగ్గినంతా ట్యాపెట్ లోపలి నొక్కుడులో కలుస్తుంది. ఆ నొక్కుడు హద్దు దాటితే వాల్వు మూసుకోదు, దానిని తిప్పి సరిచేసే స్క్రూ ఉండదు. రాడ్డు పొడవు నిజంగా మార్చవలసి వచ్చేది అటువంటి చోటనే, అక్కడ కూడా అరగదీసినది కాదు, కొలత ప్రకారం తయారైనది వేయాలి.

ప్రశ్న అడిగినవారు (గుణుపురం నుండి)

పర్లాకిమిడి మాస్టారికీ, రాయగడ అన్నగారికీ, బరంపురం వారికీ కృతజ్ఞతలు. నాలుగు రోజుల పని తరువాత రాస్తున్నాను.

రాకర్ షాఫ్టు తీసి మూడో సిలిండరు ఎగ్జాస్ట్ రాడ్డును ఊపగానే మాస్టారు రాసినట్టే టక్కున జారి గిన్నెలో కూర్చుంది. మా మేస్త్రి కూడా పక్కనే ఉన్నారు. ఆ శబ్దం విని ఆయనే రాడ్డును మళ్ళీ రెండుసార్లు ఎత్తి దించి చూశారు, గ్రైండరు మాట ఇక ఎత్తలేదు. రాడ్డు కొనకు ఒక పక్కన చంద్రవంకలా సన్నని గీత పడింది గాని రాడ్డు వంగలేదు, అద్దం మీద నిక్కచ్చిగా దొర్లింది. షాఫ్టు తిరిగి బిగించి, ఇంజెక్టర్లు విప్పి కంప్రెషన్ లేకుండా చేసి, చేతితో రెండు చుట్లు తిప్పాము. ఎక్కడా ఆగలేదు.

రెండో సిలిండరు ఎగ్జాస్ట్ కాడ కొన ఒకటో దానికంటే 1.3 మి.మీ. ఎత్తుగా ఉంది. మా రాకరులో వాల్వు వైపు చేయి రాడ్డు వైపు చేయికి ఒకటిన్నర రెట్లు ఉంది. ఆ లెక్కన రాడ్డు వైపు 0.87 మి.మీ., దానికి 0.55 కలిపితే 1.42 మి.మీ. అవుతుంది. ఒకటో ఎగ్జాస్టుకు పట్టిన స్థానం నుంచి స్క్రూ ఎంత అదనంగా పైకి పోయిందో లెక్కపెడితే చుట్టును పది భాగాలు చేస్తే ఎనిమిది తొమ్మిది భాగాలు వచ్చింది, అది రాడ్డు వైపు 0.87 మి.మీ.కు దగ్గరే, అంటే లెక్క సరిపోయింది. హెడ్డు విప్పి చూస్తే ఆ వాల్వు మిగిలినవాటికంటే స్పష్టంగా లోతుగా మునిగి ఉంది. కాడ కొనను గ్రైండ్ చేయమంటారా అని షాపులో అడిగారు. 1.3 మి.మీ. తీస్తే గట్టిపొర పోతుందని నేను ఒప్పుకోలేదు. వేరే షాపులో కొత్త సీటు రింగు దింపించి, వాల్వును మిగిలినవాటి లోతుకు తెచ్చాము.

పాత గ్యాస్కెట్‌తో సీసపు తీగ కొలతలు మూడు సిలిండర్లకూ వరుసగా 1.07, 1.10, 1.05 వచ్చాయి. 0.15 తీసివేస్తే 0.92, 0.95, 0.90, ఇవన్నీ పుస్తకంలోని హద్దుల్లోనే ఉన్నాయి. ఇన్‌లెట్లకూ పిస్టన్లకూ మధ్య సందు కూడా కనీస హద్దుకు పైనే తేలింది. ఇక కొత్త గ్యాస్కెట్‌తో చివరి బిగింపు మిగిలింది. అందులో జాగ్రత్తలేవైనా ఉంటే చెప్పగలరు.

జవాబు 1 (పర్లాకిమిడి నుండి)

చాలా సంతోషం. చివరి బిగింపుకు ముందు బ్లాకులోని బోల్టు రంధ్రాలను గుడ్డతో తుడిచి, గాలి కొట్టించండి. అడుగు మూసి ఉన్న రంధ్రంలో నీరో ఆయిలో నిలిస్తే బోల్టు దిగుతున్నకొద్దీ ఆ ద్రవానికి పోయే దారి లేక బ్లాకు పగిలే ప్రమాదముంది, టార్కు కొలత కూడా అబద్ధం చెబుతుంది. బోల్టులను మధ్య నుంచి అంచులకు, పుస్తకంలోని వరుసలో, రెండు మూడు విడతలుగా బిగించండి. టార్కు అందాక మళ్ళీ కోణం తిప్పి బిగించే రకం బోల్టులైతే కొత్తవే వేయాలి.

రాడ్లను వేసే ముందు రెండు కొనలకూ ఆయిలు రాయండి. ఆరింటినీ గిన్నెల్లో కూర్చోబెట్టి, ఒక్కొక్కదాన్ని ఊపి చూసిన తరువాతే షాఫ్టు పెట్టండి, షాఫ్టు సగం దిగినప్పుడు మళ్ళీ ఒకసారి చూడండి. మూడు సిలిండర్ల ఇంజన్లో జంట సిలిండరు ఉండదు గనుక నాలుగు సిలిండర్ల వాటిలో వలె ఒకదాని ఊగుడును బట్టి ఇంకొకదాన్ని పెట్టడం కుదరదు. ప్రతి సిలిండరునూ దాని సొంత కంప్రెషన్ టాప్‌కు తెచ్చి, రెండు వాల్వులూ పెట్టి, ఫైరింగ్ వరుసలో తరువాతి దానికి 240 డిగ్రీలు తిప్పాలి. ఫిల్లర్ పట్టీ లాగినప్పుడు బరువైన పుస్తకం కింది నుంచి నోటును లాగినంత పట్టు ఉండాలి. లాక్ నట్టు బిగించేటప్పుడు స్క్రూ తనతో పాటు తిరుగుతుంది కాబట్టి బిగించాక మళ్ళీ కొలవండి.

ఇంజను నడిపి, వేడెక్కి, పూర్తిగా చల్లారాక పుస్తకం చెప్పిన విధంగా బోల్టులు సరిచూసి, ట్యాపెట్లు ఇంకొకసారి పెట్టండి. గ్యాస్కెట్ కొంచెం అణుగుతుంది, సందు తగ్గుతుంది. మజ్జిగైన ఆయిలు కూలరులోనూ ఫిల్టరులోనూ మిగిలి ఉంటుంది, కాబట్టి ఇప్పుడు పోసే ఆయిలును కొన్ని గంటలు నడిపి పారబోసి, ఫిల్టరుతో సహా మార్చండి. దమ్ములో దింపేది ఆ రెండో ఆయిలు పోశాకనే.